రంగుటద్దాల కిటికీ, పనివాని ఛాయాచిత్రం

బైతుల్ మఖ్దిస్‌లోని మస్జిదె అఖ్సా ఆవరణలో రంగుటద్దాల కిటికీలు తయారుచేసే పనివారి ఛాయాచిత్రాలను పాఠకులు పత్రికలలో చూసి ఉంటారు. పనివాడు తెల్లని పలకపై వంగి ఉంటాడు. చేతిలో సన్నని కత్తి ఉంటుంది. ముఖం కన్నా చేతులే మన దృష్టిని ఆకర్షిస్తాయి. ఇటువంటి చిత్రం వలన మనకు తెలిసేదేమిటి? తెలియనిదేమిటి?

ముందుగా పనిని గురించి తెలుసుకుందాం. యూరప్ చర్చీలలో గాజుముక్కలను సీసపు పట్టీలతో కలుపుతారు. ఇక్కడి పద్ధతి వేరు. జిప్సంను పలకగా పోసి, దానిపై తీగెలు, పువ్వులు, నక్షత్రాలు గీసి, ఆ గీతల ప్రకారం రంధ్రాలు చెక్కుతారు. వెనుకవైపున రంగుటద్దం ముక్కలను జిప్సంతోనే అతికిస్తారు. ఎత్తున అమర్చే కిటికీలో రంధ్రాలను క్రిందికి వాలుగా చెక్కుతారు. క్రింద నిలబడిన నమాజీ కంటికి వెలుగు చేరడానికే ఆ వాలు. అరబ్బీలో ఇటువంటి కిటికీని చంద్రుని పేరున 'ఖమరియ్యా' అనీ, సూర్యుని పేరున 'షంసియ్యా' అనీ అంటారు. నేటి అరబ్బీలో షంసియ్యా అంటే గొడుగు కూడా కనుక అనువాదకులు జాగ్రత్త వహించాలి.

ప్రాణుల బొమ్మలు లేని కళను సాధించిన వాని బొమ్మ తీయవచ్చునా అని కొందరికి సందేహం కలుగవచ్చు. ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ (మరణం 1935) ఫోటో అంటే నీడను పట్టి నిలపడమే గాని సృష్టించడం కాదని వాదించి, దానిని అనుమతించారు. మన దేశపు ఉలమాలలో పలువురు దీనిని అంగీకరించలేదు. ఈ అభిప్రాయభేదం అటుంచి, దాని ప్రయోజనాన్ని పరిశీలిద్దాం.

1969 ఆగస్టు 21న మస్జిదె అఖ్సాకు నిప్పు పెట్టబడినపుడు, సుల్తాన్ సలాహుద్దీన్ అక్కడ నెలకొల్పిన మింబర్ కాలిపోయింది. దాని స్థానంలో కొత్త మింబర్‌ను నిలిపింది 2007లో. పాత ఛాయాచిత్రాలు ఆకారాన్ని చెప్పాయి. కాని మేకులు లేకుండా చెక్కముక్కలను ఒకదానిలో ఒకటి బిగించే నేర్పు వాటిలో లేదు. అందుకై పలు దేశాల నుండి పనివారిని సమకూర్చుకోవలసి వచ్చింది.

కిటికీల విషయమూ అంతే. 2022 ఏప్రిల్ ఘర్షణలలో అఖ్సా కిటికీల అద్దాలు పగిలాయి. వాటిని మళ్ళీ చేయడానికి ఆ వాలు తెలిసిన చేయి కావాలి. ఎదురుగా తీసిన ఫోటోలో ఆ వాలు కానరాదు. ఉస్తాద్ ప్రక్కన కూర్చుని, కత్తి పట్టి, కొన్ని పలకలు పాడుచేసుకున్న శిష్యునికే అది పట్టుబడుతుంది. కనుక అటువంటి చిత్రం కనిపించినపుడు ఉస్తాద్‌ను మెచ్చుకోవడంతో ఆగకండి. ప్రక్కన శిష్యుడు ఉన్నాడా అని కూడా చూడండి.