పడవెక్కి చూడాల్సిన ఊరు బ్రిస్బేన్

ఆస్ట్రేలియా యాత్ర అంటూ మన ట్రావెల్ ఏజెంట్లు చేతిలో పెట్టే కాగితంలో సిడ్నీ ఉంటుంది, మెల్‌బోర్న్ ఉంటుంది, పిల్లల కోసం గోల్డ్ కోస్ట్ థీమ్ పార్కులూ ఉంటాయి. బ్రిస్బేన్ మాత్రం విమానం దిగే చోటుగానో, ఎక్కే చోటుగానో ఒక్కసారి కనబడి మాయమైపోతుంది. క్వీన్స్‌లాండ్ రాష్ట్ర రాజధాని, జనాభాలో ఆ దేశంలో మూడో పెద్ద నగరం, 2032 ఒలింపిక్స్ జరగబోయే ఊరు. అలాంటిదాన్ని ఒక్క రాత్రి హోటల్ బసతో సరిపెట్టేస్తున్నాం. తీరిగ్గా చూడటం తెలిసినవాళ్లకు ఆ దేశంలో ఇంతకన్నా హాయైన నగరం లేదని నా గట్టి నమ్మకం.

సిడ్నీకి ఒపేరా హౌస్ ఉంది. దాని ముందు నిలబడి ఫొటో దిగితే చాలు, సిడ్నీ చూసినట్టే లెక్క. బ్రిస్బేన్‌లో అలా వేలు పెట్టి చూపించే కట్టడం ఏదీ లేదు. ఉన్నది నది. 344 కిలోమీటర్లు ప్రవహించి మోర్టన్ బేలో కలిసే బ్రిస్బేన్ నది ఊళ్లోకి వచ్చేసరికి ఎన్ని మెలికలు తిరుగుతుందంటే, ఎడమ ఒడ్డున ఉన్నామో కుడి ఒడ్డున ఉన్నామో స్థానికులకే ఓ క్షణం తోచదు. నీలం రంగు నీళ్లు ఊహించుకుని వెళ్లకండి. వరదల నాటి మన గోదావరి రంగే దీనిదీ. సముద్రపు ఆటుపోట్లు ఊరు దాటి పైదాకా వస్తాయి, ఒడ్డున మడ చెట్లు పెరుగుతాయి, నీళ్లలో బుల్ షార్కులు తిరుగుతాయి. అందుకే ఈ నదిలో ఈత కొట్టకూడదు. పడవ మీద తిరగడానికి మాత్రం దీనికి సాటి లేదు.

ఆ పడవ పేరు సిటీక్యాట్. 1996 నుంచి నడుస్తోంది. అదేదో టూరిస్టుల కోసం పెట్టిన లగ్జరీ క్రూజ్ కాదు, మన సిటీ బస్సులా రోజూ ఆఫీసుకీ కాలేజీకీ వెళ్లేవాళ్లు ఎక్కే పడవ. తొలినాటి సిటీక్యాట్‌లకు మియాంజిన్, కురిల్పా, బర్రంబిన్ అంటూ ఈ నదీతీరపు ఆదివాసీ స్థలాల పేర్లే పెట్టారు. తెల్లవాళ్లు రాకముందు వేల ఏళ్లుగా ఈ గట్టున బతికిన టర్బల్, యగ్గెరా ప్రజలు పెట్టుకున్న పేర్లు అలా పడవల మీద రోజూ నదిలో తిరుగుతున్నాయి.

టికెట్ ధర వింటే నమ్మబుద్ధి కాదు. యాభై సెంట్లు, అంటే మన డబ్బుల్లో ముప్పై రూపాయల చిల్లర. 2024 ఆగస్టులో ప్రయోగంగా మొదలుపెట్టిన ఈ ధరను 2025లో శాశ్వతం చేశారు. బస్సుకైనా రైలుకైనా పడవకైనా, దగ్గరికైనా దూరానికైనా అదే ధర. ఊరివాళ్లకైనా చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకైనా తేడా లేదు. ఎయిర్‌పోర్టు రైలుకు మాత్రం ఇది వర్తించదు, దాని ఛార్జీ వేరు. ఇది కాక సిటీ నడిబొడ్డున సిటీహాపర్ అని చిన్న పడవ తిరుగుతుంది. దానికి అసలు టికెట్టే లేదు.

నా సలహా వింటే క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఉన్న సెయింట్ లూషియా రేవులో పొద్దున్నే ఎక్కండి. ముందు డెక్ మీద ఆరుబయట సీట్లుంటాయి, అక్కడ కూర్చోండి. చివరి రేవు నార్త్‌షోర్ హ్యామిల్టన్ దాకా గంటకు పైగా పడుతుంది. రేవు దగ్గరకు రాగానే సిబ్బందిలో ఒకరు లావుపాటి తాడును ఉచ్చులా రేవు గూటానికి తగిలించి లాగి పట్టుకుంటారు. పడవ ఒడ్డుకు ఆనుకోగానే చిన్న వంతెన పలక జరుగుతుంది. దిగేవాళ్లు దిగుతూ, సైకిళ్లు నడిపించుకుంటూ, సిబ్బందికి ‘థాంక్యూ’ చెప్పి మరీ వెళతారు. బస్సు డ్రైవర్లకీ అంతే. దిగేటప్పుడు ఒక్కరూ ఆ మాట మరిచిపోరు. అర నిమిషంలో తాడు విప్పేస్తారు, పడవ కదిలిపోతుంది.

పడవ కిందికి సాగుతుంటే ఒకదాని వెనక ఒకటిగా వంతెనలు వస్తాయి. వాటిలో నెవిల్ బానర్ పేరు పెట్టిన పాదచారుల వంతెన ఒకటి. ఆస్ట్రేలియా పార్లమెంటులో అడుగుపెట్టిన తొలి ఆదివాసీ ఆయన, 1971లో. అన్నిటికన్నా ఘనమైనది 1940లో తెరిచిన ఉక్కు వంతెన, స్టోరీ బ్రిడ్జి. సిడ్నీ హార్బర్ బ్రిడ్జితో పేరు పొందిన ఇంజనీరు జాన్ బ్రాడ్‌ఫీల్డే దీనికీ రూపకర్త. ఆ ఉక్కు చట్రం పైకి ఎక్కించే సంస్థ ఉంది, ఖర్చు కూడా బాగానే ఉంటుంది. అదే వంతెన మీద కాలిబాటన నడిచినా, కిందనుంచి పడవలో వెళ్లినా దాని అందం ఏమీ తగ్గదు.

ఇంత ప్రశాంతంగా కనబడే నది తిరగబడిన రోజులూ ఉన్నాయి. 1893లో నీళ్లు 8.35 మీటర్లు లేచి అప్పటి విక్టోరియా బ్రిడ్జిని ఊడ్చుకుపోయాయి. 1974లో మళ్లీ ముంచెత్తింది. ఆ దెబ్బతో పైన వైవెన్‌హో డ్యామ్ కట్టారు. ఇక భయం లేదనుకున్నారు జనం. 2011 జనవరిలో నది ఆ ధీమాను చెదరగొట్టింది, 2022 ఫిబ్రవరిలో మరోసారి గుర్తు చేసింది. న్యూ ఫార్మ్ దగ్గర నీళ్ల మీద తేలే కాలిబాట ఒకటుండేది, 2003లో కట్టింది. 2011 వరదలో దాని ముక్క, ఇంచుమించు మూడు వందల మీటర్ల కాంక్రీటు, తెగి ప్రవాహంలో కొట్టుకుపోయింది. అది కింద ఉన్న గేట్‌వే బ్రిడ్జిని గుద్దుకుంటే ఏమయ్యేదో! ఓ చిన్న టగ్ బోటు దాని వెంటపడి, పక్కనుంచి నెడుతూ వంతెన స్తంభాల మధ్యగా దాటించి నదీముఖం దాకా సాగనంపింది. 2014లో అదే చోట మళ్లీ కాలిబాట కట్టారు, ఈసారి తేలేది కాదు, నది అడుగున పాతిన స్తంభాల మీద. సాయంత్రం పూట ఆ బాట మీద ఊరు ఊరంతా నడుస్తుంది, పరుగెడుతుంది. మీరూ నడవండి. స్టోరీ బ్రిడ్జి కింద హోవార్డ్ స్మిత్ వార్వ్స్ దాకా నీళ్ల పైనే పోవచ్చు.

2011 వరద తగ్గాక వేలమంది చీపుర్లూ పారలూ పట్టుకుని ముక్కూమొహం తెలియని ఇళ్లకు వెళ్లి బురద ఎత్తిపోశారు. వాళ్లకు ‘మడ్ ఆర్మీ’ అని పేరొచ్చింది. కొట్టుకుపోయిన రేవుల స్థానంలో కట్టిన కొత్తవాటిని ఒకసారి దగ్గరగా చూడండి. వరద వచ్చినప్పుడు ఒడ్డునుంచి రేవుకు వేసిన నడవ తెగిపోకుండా, ఒక కొస విడివడి ప్రవాహంతో పాటు పక్కకు తిరిగి నిలిచేలా తయారుచేశారు. నదితో పోట్లాడటం మానేసి దానికి దారివ్వడం నేర్చుకున్నారు. ఏటా వరద బారిన పడే మన నదీతీర పట్టణాల ఇంజనీర్లు వెళ్లి చూసి రావలసిన పని ఇది.

ఊళ్లో సగం రోజు సౌత్‌బ్యాంక్‌కు ఇవ్వాలి. 1988లో వరల్డ్ ఎక్స్‌పో జరిగిన స్థలం ఇది. ఉత్సవం అయ్యాక ఆ జాగాలో వ్యాపార భవనాలు లేపాలని చూస్తే ప్రజలు ఒప్పుకోలేదు. ఫలితం, 1992లో తెరిచిన పార్కు. నది పక్కనే, నదికి కాస్త ఎత్తున, ఇసుక పోసి కృత్రిమంగా కట్టిన స్ట్రీట్స్ బీచ్ ఉంది. లైఫ్‌గార్డులుంటారు, పైసా అడగరు. ఎక్స్‌పోకు నేపాల్ పంపిన చెక్కడపు పని పగోడాను ఊరి జనం పట్టుబట్టి అట్టే పెట్టించుకున్నారు. ఒక కిలోమీటరు పొడవునా వంపు తిరిగిన ఉక్కు స్తంభాలకు అల్లుకున్న కాగితపు పూల పందిరి కింద నడిస్తే ఎండ తెలియదు. అక్కడికి దగ్గర్లోనే క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గ్యాలరీ, 2006లో తెరిచిన ఆధునిక కళల గ్యాలరీ. ఉచిత ప్రవేశం. మొదటిదానిలో గాడ్‌ఫ్రే రివర్స్ 1903లో వేసిన జకరాండా చెట్టు బొమ్మను వదలొద్దు. చెట్టు నిండా ఊదారంగు పూలు, నేల మీదా అవే పూలు, కింద టీ తాగుతున్న దంపతులు. అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్తే ఆ బొమ్మే ఊరంతా పరుచుకుని కనిపిస్తుంది.

తెలుగువాళ్లకు మరో చోటు చెప్పాలి. సౌత్‌బ్యాంక్ నుంచి బస్సు ఎక్కితే కొద్ది నిమిషాల్లో వూలూన్‌గబ్బా. అందరూ గబ్బా అనే క్రికెట్ స్టేడియం అక్కడే. 1988 తర్వాత ఆస్ట్రేలియా ఆ మైదానంలో ఒక్క టెస్టూ ఓడలేదు, 2021 జనవరి 19 దాకా. ఆ రోజు 328 పరుగుల లక్ష్యాన్ని మనవాళ్లు ఛేదిస్తుంటే పంత్ 89తో అజేయంగా నిలిచాడని అందరికీ గుర్తే. ఆ లక్ష్యం అందుకోగలిగేంతలో ఆగిందంటే, ముందురోజు 73 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీసిన మన హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ వల్ల. ఆటో నడిపి కొడుకును క్రికెటర్‌ని చేసిన తండ్రి ఆ పర్యటన మొదట్లోనే కన్నుమూశారు. సిరాజ్ ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయాడు. టెస్టుల్లో అతను తొలిసారి ఐదు వికెట్లు తీసింది ఈ నేల మీదే. ఒలింపిక్స్ అయ్యాక గబ్బాను కూల్చేస్తామని క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. చూడాలనుకునేవాళ్లు ఈలోపే చూసుకోవాలి.

కొవాలాల కోసం లోన్ పైన్‌కు వెళ్తారు. 1927లో జాక్, జిల్ అనే రెండు కొవాలాలతో మొదలైన ఈ సంరక్షణ కేంద్రం ప్రపంచంలోనే మొదటిది. సిటీ నుంచి బస్సుంది, నది మీదుగా వెళ్లే పడవ కూడా ఉంది. ఒకప్పుడు కొవాలాను ఎత్తుకుని ఫొటో దిగనిచ్చేవారు. 2024లో ఆపేశారు. పాత ఫొటోలు చూసి ఆశపడి వెళ్లిన పిల్లలు కాస్త చిన్నబుచ్చుకుంటారు, కానీ మంచి నిర్ణయం. రోజులో అత్యధిక భాగం నిద్రపోయే ప్రాణిని వరసలో నిలబడ్డ జనం చేతులు మార్చడం ఏం న్యాయం? కంగారూలకు మాత్రం మీ చేత్తోనే మేత పెట్టొచ్చు.

మౌంట్ కూథా కొండ మీదినుంచి ఊరూ నదీ సముద్రమూ ఒక్క చూపులో అందుతాయి. రోమా స్ట్రీట్ పార్కులో 2014లో ప్రధాని మోదీ ఆవిష్కరించిన గాంధీ విగ్రహం ఉంది. రోజంతా చేతిలో ఉంటే మోర్టన్ ద్వీపానికి పడవ పట్టుకోండి. తిండి విషయానికొస్తే, స్పాంజి కేకును చాక్లెట్‌లో ముంచి కొబ్బరి తురుములో దొర్లించే లామింగ్టన్ తప్పక తినండి. క్వీన్స్‌లాండ్ గవర్నర్ లార్డ్ లామింగ్టన్ పేరు మీద వచ్చిన మిఠాయి అది. ఆయనే ఆ తర్వాత బొంబాయి గవర్నరయ్యాడు. ముంబైలో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణాలతో కిటకిటలాడే లామింగ్టన్ రోడ్డు ఆయన పేరిటిదే.

ఎప్పుడు వెళ్లాలి? మన ఎండాకాలం సెలవుల్లో. మే నెలలో మనకు రోళ్లు పగిలే ఎండలు కాస్తుంటే అక్కడ వాన తక్కువ, పగలు పల్చటి ఎండ, రాత్రి ఓ స్వెట్టర్ చాలు. ఆగస్టు దాకా ఇంతే. డిసెంబరు, జనవరిల్లో ఉక్కపోత, సాయంత్రాలు ఉరుముల వానలు. మామిడిపండ్ల కాలం కూడా అప్పుడే అనుకోండి. గడియారం మనకన్నా నాలుగున్నర గంటలు ముందుంటుంది. ఊరు తెల్లవారుజామునే లేస్తుంది, పెందలాడే పడుకుంటుంది. రాత్రి పదింటికి భోజనానికి బయల్దేరే మన అలవాటు అక్కడ సాగదు. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా వెళ్లడం తేలిక. సూట్‌కేసులో పచ్చళ్లూ పొడులూ స్వీట్లూ ఏమున్నా విమానంలో ఇచ్చే కార్డు మీద నిజం రాసేయండి. దాచి దొరికితే జరిమానా భారీగా ఉంటుంది. రాసి చూపించినందుకు మాత్రం ఎవరూ ఏమీ అనరు. మహా అయితే కొన్ని పొట్లాలు అక్కడే వదిలేయాల్సి వస్తుంది.

చివరిగా, పిల్లల చదువుకోసమో కాన్పుకోసమో బ్రిస్బేన్ వెళ్లే అమ్మానాన్నలకు ఒక మాట. కొడుకూ కోడలూ, కూతురూ అల్లుడూ ఆఫీసులకు వెళ్లాక, శనివారం వాళ్లు ఎక్కడికో కారులో తీసుకెళ్తారని ఎదురుచూస్తూ ఇంట్లోనే ఉండిపోకండి. ఇంగ్లిష్ రాదని బెరుకు పెట్టుకోకండి. టికెట్ కార్డు తాకిస్తే రేవు గేటు దగ్గర ‘బీప్’ అంటుంది, అంతకుమించి మాట్లాడాల్సిన పని లేదు. ఎక్కిన పడవే మళ్లీ అదే దారిన తిరిగి వస్తుంది కాబట్టి తప్పిపోయేదీ లేదు. మంచినీళ్ల సీసా, టోపీ, ఇంటి అడ్రసు రాసిన కాగితం జేబులో పెట్టుకుని, ఇద్దరూ కలిసి దగ్గరి రేవుకు నడవండి.