కోపమా? ఎండా?

పిల్లలూ, ఈసారి బందరు దగ్గర గిలకలదిండి రేవుకి వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. మిట్టమధ్యాహ్నం వేళ పడవల మీంచి చేపల బుట్టలు దించుతున్న వాళ్ళ ముఖాల వంక చూడండి. కనుబొమలు రెండూ దగ్గరకొచ్చి, ముక్కు మొదట్లో రెండు నిలువు గీతలు పడి ఉంటాయి. కళ్ళు సగం మూతపడి, పెదవులు బిగిసి ఉంటాయి. కొత్తవాడెవడైనా చూశాడంటే ‘అమ్మో, కోపిష్టి మనుషుల్లా ఉన్నారే’ అనుకుని రెండడుగులు వెనక్కి వేస్తాడు. అదే మనిషి నీడపట్టుకొచ్చి టీ గ్లాసు అందుకునేసరికి ఆ గీతలు మాయం. కోపం అక్కడ ఎప్పుడూ లేదు. ఉన్నదల్లా ఎండే.

కనుబొమ లోపలి కొసన, చర్మం కింద, ఒక చిన్న కండరం ఉంటుంది. కనుబొమని కిందికీ లోపలికీ లాగడం దాని ఉద్యోగం. కోపం వచ్చినా అదే లాగుతుంది, లెక్క తెగకపోయినా అదే లాగుతుంది, సూదిలో దారం ఎక్కకపోయినా అదే. చార్లెస్ డార్విన్ 1872లో మనుషులూ జంతువులూ మనసులో ఉన్నది పైకి ఎలా చూపిస్తారన్న దాని మీద ఒక పెద్ద పుస్తకమే రాశాడు. అందులో ఈ కనుబొమ ముడి సంగతి చాలా ఓపిగ్గా విడదీశాడు. వెలుతురు ఎక్కువున్నచోట దూరంగా ఉన్నదాన్ని చూడాలంటే కంటికి కాస్త నీడ కావాలి కదా, కనుబొమ ముడి ఆ నీడ ఇస్తుందని కూడా ఆయన గమనించాడు. ఆ పుస్తకం కోసం దేశదేశాల్లో ఉన్నవాళ్ళకి ప్రశ్నల కాగితాలు పంపి మరీ సమాచారం తెప్పించుకున్నాడు. మన దేశంలో కలకత్తా బొటానికల్ గార్డెన్‌లో పనిచేసే స్కాట్ అనే ఆయన జవాబులు రాసి పంపాడు.

ఇక్కడ ఒక చిత్రమైన మెలిక ఉంది. 2013లో ఇటలీ శాస్త్రవేత్తలు సముద్రపు ఒడ్డున నడిచేవాళ్ళని ఆపి, వాళ్ళ మనసెలా ఉందో అడిగారు. నల్లకళ్ళద్దాలు లేకుండా సూర్యుడికి ఎదురుగా నడిచేవాళ్ళు తమకి కాస్త కోపంగా, చిరాగ్గా ఉందని చెప్పారు. వెలుగు వెనకనుంచి పడుతున్నవాళ్ళకీ, కళ్ళద్దాలు పెట్టుకున్నవాళ్ళకీ అంత చిరాకు లేదు. ముఖం ముడుచుకుంటే మనసు కూడా దాని వెంట కొంచెం ముడుచుకుంటుందేమోనని వాళ్ళ ఊహ. ఒక్క పరిశోధన పట్టుకుని నేను తీర్పు చెప్పను గానీ, రోహిణీ కార్తెలో గుడివాడ బస్టాండులో సీటు కోసం జరిగే తగాదాలు చూసినవాణ్ణి కనక కొట్టిపారెయ్యను కూడా.

ముఖాన్ని చదవడం అంత తేలిక కాదని మన దగ్గర ఎప్పుడో తెలిసినవాళ్ళు ఉన్నారు. గుడివాడ నుంచి పామర్రు మీదుగా చల్లపల్లి వైపు వెళ్తుంటే కూచిపూడి వస్తుందా? ఆ ఊళ్ళో సిద్ధేంద్ర యోగి పెట్టిన భిక్ష భామాకలాపం అనే నృత్యనాటకం. సత్యభామ తెర మీదుగా జడ వేసి ముందు జడనే చూపిస్తుంది, ముఖం తరవాత. ఆ వేషానికి పెట్టింది పేరు వేదాంతం సత్యనారాయణ శర్మగారు. 1935లో పుట్టి 2012లో వెళ్ళిపోయారు. 1970లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన మగవాడని తెలిసి చూసినవాళ్ళకి కూడా స్టేజీ మీద సత్యభామే కనిపించేది. అలిగిన భామకీ, మండిపడే భామకీ కనుబొమ ముడి దాదాపు ఒకటే. తేడా అంతా పెదవి కొసలోనూ, మెడ ఒంపులోనూ, చూపు ఎంతసేపు నిలిచిందన్న దాంట్లోనూ ఉంది. నాట్యశాస్త్రం కనుబొమల కదలికలే ఏడు రకాలని చెప్పింది. అయినా కనుబొమ ఒక్కదాన్ని చూపించి ‘ఇది ఏ రసం’ అని అడగదు. చెయ్యి, నడక, పాట, కథ అన్నీ కలిస్తేనే రసం.

ఈ అభినయాన్ని పరీక్షకి పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. 2000 సంవత్సరంలో హెజ్మాదీ, డేవిడ్‌సన్, రోజిన్ అనే ముగ్గురు, నాట్యశాస్త్రం చెప్పినట్టు అభినయించిన పది భావాల్ని చిన్న చిన్న వీడియోలు తీసి మన దేశం వాళ్ళకీ అమెరికా వాళ్ళకీ చూపించారు. కోపం, భయం, దుఃఖం లాంటివే కాదు, లజ్జ, శాంతం, వీరం కూడా ఉన్నాయి. అమెరికా వాళ్ళు కూడా చాలా మటుకు సరిగ్గానే పోల్చుకున్నారు. గమనించారా, అవి కదలని ఫోటోలు కావు. ముఖంతో పాటు చేతులూ ఒళ్ళూ కదిలాయి.

పాల్ ఎక్‌మన్ అనే ఆయన అంతకు ముందు 1960ల చివర్లో పాపువా న్యూగినీ కొండల్లోకి ఫోటోలు పట్టుకెళ్ళి, సినిమాలూ పత్రికలూ ఎరగని ఫోరే జాతి వాళ్ళకి చూపించాడు. నవ్వు, ఏడుపు, కోపం పోల్చుకున్నారు. భయానికీ ఆశ్చర్యానికీ మాత్రం తికమకపడ్డారు. దాంతో ముఖకవళికలు లోకమంతటికీ ఒకటేనన్న మాట బాగా పాతుకుపోయింది. కానీ 2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరి నలుగురు శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన ఎన్నో పరిశోధనలు తిరగేసి చూస్తే, కోపంగా ఉన్న మనిషి ముఖం చిట్లించేది నూటికి ముప్ఫై సార్లే. మిగతా సార్లు ఊరికే ఉంటాడు, లేదా నవ్వుతాడు కూడా. అటు ముఖం చిట్లించిన ప్రతివాడూ కోపంగా లేడు. ముఖం చూసి మనసు చెప్పేస్తామంటూ కెమెరాలు అమ్మే కంపెనీలు గిలకలదిండి ఎండలో ఒక మధ్యాహ్నం నిలబడితే బావుంటుందని నా మనవి.

ఎండ ముఖానికి చేసే రెండో పని కూడా చెప్పి వదిలేస్తాను. డల్లాస్‌లో ఉన్న మా మనవరాలు ఫోనులో అంటుంది కదా, ‘తాతయ్యా, మా కాలేజీలో అమ్మాయిలు డబ్బులిచ్చి నల్లబడి వస్తారు’ అని. గాజులాంటి మంచం మీద పడుకుంటే పైనా కిందా దీపాలు వెలిగి, అతినీలలోహిత కిరణాలు ఒళ్ళంతా కాలుస్తాయిట. ఇక్కడ దాని అమ్మమ్మేమో అది వేసవికి వస్తే చాలు, ‘ఎండలో తిరిగి నల్లబడకే’ అంటూ సున్నిపిండి నలుగు పెట్టడానికి తయారు. రెండు చోట్లా ఒంటి రంగు మీదే బాధ, వైపులే వేరు.

రంగు రావడం అందానికి కాదర్రా. కిరణాలు చర్మకణంలోకి చొరబడి డీఎన్ఏని దెబ్బ తీస్తాయి. దెబ్బ తగిలిందని తెలియగానే పీ53 అనే జన్యువు మేలుకుని, మెలనిన్ అనే రంగు పదార్థం తయారు చెయ్యమని కబురంపుతుందని 2007లో బోస్టన్ పరిశోధకులు చూపించారు. ఆ మెలనిన్ చర్మకణం కేంద్రకం మీద, సరిగ్గా ఎండ పడేవైపు, గొడుగులా చేరుతుంది. అంటే రంగు తేలిందంటే దెబ్బ అప్పటికే తగిలిందన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద లియోన్‌లో ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో ఈ దీపాల మంచాల్ని పొగాకు ఉన్న క్యాన్సర్ కారకాల జాబితాలోనే చేర్చింది. అదే ఏడాది బ్రెజిల్ వాటిని నిషేధించింది.

మనకి ఆ గొడుగు పుట్టుకతోనే పెద్దది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఆస్ట్రేలియాలో ఏటా లక్షకు 35 మందికి అటూ ఇటూగా వస్తుంటే, మన దేశంలో లక్షకు ఒకరికి కూడా రాదు. కాబట్టి నల్లగా ఉన్నందుకు ఎవరూ ముఖం చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అలాగని ఎండని బొత్తిగా ఖాతరు చెయ్యకపోవడమూ తగదు. కంటిలో కండ పెరగడం, ముఖాన మంగు, వడదెబ్బ, ఇవన్నీ దాని చలవే. దివిసీమలో నాట్లు వేసే ఆడవాళ్ళని చూడండి, చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తల మీంచి చెవుల దాకా తువ్వాలు చుట్టుకుంటారు. ఏ డాక్టరూ చెప్పకుండానే నేర్చుకున్న పద్ధతి అది. ఎండ విషయంలో అంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు.

అన్నట్టు, చర్మ క్యాన్సర్ మాట వచ్చింది కనక ఇదీ చెప్తాను, పాతకాలం వేషగాళ్ళు ముఖానికి అరదళం పూసుకునేవారు. ఆ పసుప్పచ్చటి రాయి గంధకం, ఆర్సెనిక్ కలిసినది. ఆర్సెనిక్ చర్మ క్యాన్సర్ తెస్తుందని ఇప్పుడు రూఢిగా తెలుసు. ఎక్కడైనా మూల పెట్టెలో దొరికినా దాని జోలికి పోకండి.

మనలాంటి వాళ్ళకి మెలనోమా వస్తే, ఎక్కువగా ఎండ సోకనిచోటే వస్తుంది. అరికాలిలో, అరచేతిలో, గోరు కింద. జమైకా పాటగాడు బాబ్ మార్లే 1981లో, 36 ఏళ్ళకే చనిపోయాడు. అది కాలి బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమా. చెప్పుల్లేకుండా పొలం గట్ల మీదా రేవులోనూ తిరిగేవాళ్ళు అరికాలు చూసుకునేది ముల్లు గుచ్చుకున్నప్పుడే. ఇంకొకటి, పంచె ముడో లంగా బొందో ఏళ్ళ తరబడి ఒకేచోట ఒరుసుకుని నడుం దగ్గర మానని పుండు పడి, అది క్యాన్సర్‌గా మారిన కేసులు మన దేశం డాక్టర్లే రాశారు. పాత కాలిన మచ్చ మీద పడ్డ పుండుకీ ఆ ప్రమాదం ఉంది.

అందుకని నెలకోసారి స్నానం చేశాక కాలు ఎత్తి అరికాలు చూసుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళవి మీరు చూడండి, వాళ్ళు వంగలేరు. దెబ్బ తగలకుండానే గోరు కింద నల్లచార వచ్చినా, ఉన్న మచ్చ పెరిగినా, నెల దాటినా పుండు మానకపోయినా, బందరులోనో విజయవాడలోనో చర్మవ్యాధుల డాక్టరుకి చూపించండి. ఆకుపసరు కట్టుకుని ఆరు నెలలు కూర్చోవద్దు.