తెలిసిన వెనుక మిగిలేది బాధ్యతే

2021 మార్చిలో ఒడిశాలోని గహీర్‌మఠ తీరానికి గుడ్లు పెట్టేందుకు వచ్చిన ఒక ఆడ తాబేలును భారత జంతు సర్వేక్షణ సంస్థ శాస్త్రజ్ఞులు పట్టుకొని, దాని ముందరి రెక్కకు 03233 అన్న సంఖ్య గల చిన్న లోహపు బిళ్లను బిగించి వదిలివేశారు. సుమారు నాలుగేళ్లకు, 2025 జనవరిలో, అదే తాబేలు మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. బంగాళాఖాతం నుండి దక్షిణం చుట్టి అరేబియా సముద్రానికి చేరేందుకు అది సుమారు 3,500 కిలోమీటర్లు ఈది ఉంటుందని అంచనా. రెండు తీరాల తాబేళ్లకు పరస్పర సంబంధం ఉందా అన్న పాత ప్రశ్నకు గోరంత బిళ్ల ఒక ఆధారాన్ని తెచ్చిపెట్టింది.

ఈ విషయం మేము వ్రాస్తున్నది బషీరాబాద్ నుండి. ఇక్కడ కంది చేలు ఉన్నాయి, నాపరాయి గనులు ఉన్నాయి, కాగ్నా నది ఉన్నది. సముద్రం మాత్రం వందల కిలోమీటర్ల దూరం. మా మదరసా విద్యార్థులలో అధికులు సముద్రాన్ని చూడనివారే. వారికి తెలిసిన తాబేలు ఉర్దూ వాచకంలో కుందేలుతో పందెం వేసిన ‘కఛువా’ మాత్రమే. నిదానానికి మారుపేరైన ఆ ప్రాణికి సముద్రంలో ఇంత నడక ఉన్నదని చెప్పినప్పుడు వారు ఆశ్చర్యపోవడం సహజమే. అయితే ఆశ్చర్యంతో ఆగిపోతే చదువు సగమే అవుతుంది. తెలిసిన దానిని బట్టి ఏమి చేయాలన్నది మిగిలిన సగం.

మన తూర్పు తీరానికి వచ్చే ఈ తాబేళ్లను ఆలివ్ రిడ్లీ అంటారు. ఏడాదిలో ఎక్కువ కాలం నడిసముద్రంలో ఉండి, చలికాలం చివర తీరాన్ని సమీపిస్తాయి. రాత్రివేళ ఆడ తాబేలు ఒడ్డెక్కి, వెనుక రెక్కలతో ఇసుకను త్రవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి, గుంత పూడ్చి, వెనుదిరిగి చూడకుండా నీటిలోకి వెళ్లిపోతుంది. నలభై ఐదు నుండి అరవై రోజులలో ఇసుక వేడికే పిల్లలు బయటికి వస్తాయి. ఆ వేడిని బట్టే పిల్ల ఆడదా మగదా అన్నది నిర్ణయమవుతుంది: ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు, చల్లబడితే మగపిల్లలు ఎక్కువ. భూమి వేడెక్కుతున్న ఈ కాలంలో శాస్త్రజ్ఞులను కలవరపెడుతున్న సంగతులలో ఇది ఒకటి. పెరిగి పెద్దదైన ఆడ తాబేలు తాను పుట్టిన తీర ప్రాంతానికే మరలి వచ్చి గుడ్లు పెడుతుంది. భూమి అయస్కాంత క్షేత్రాన్ని గుర్తుపట్టి అది దారి తెలుసుకుంటుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. సృష్టికర్త చేసిన ఈ ఏర్పాటు ముందు మన పటాలూ దిక్సూచులూ చిన్నబోతాయి.

ఒడిశాలోని గహీర్‌మఠ, రుషికుల్య తీరాలకు ఇవి లక్షల సంఖ్యలో ఒక్కసారిగా వస్తాయి. 2025 ఫిబ్రవరిలో రుషికుల్య ఒక్కచోటనే 6 లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. మన తెలుగు తీరంలో అటువంటి సామూహిక దృశ్యం లేదు. ఇక్కడ అవి చెదురుమదురుగా ఒడ్డెక్కుతాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలు, కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్, కృష్ణా నది ముఖద్వారం, నెల్లూరు తీరం వీటిలో చెప్పుకోదగినవి. ఆంధ్ర తీరాన్ని సర్వే చేసి, గుడ్లు పెట్టే ముఖ్యమైన చోట్లను గుర్తించిన ఒక అధ్యయనం 2003లో ‘ఓరిక్స్’ అనే శాస్త్ర పత్రికలో వెలువడింది. దాని రచయితలలో ఒకరైన బాసుదేవ్ త్రిపాఠీయే తరువాతి కాలంలో 03233 బిళ్లను బిగించిన శాస్త్రజ్ఞుడు. ఒక ప్రాణి బాటను తెలుసుకొనేందుకు ఒక మనిషి రెండు దశాబ్దాలు వెచ్చించడం విద్యార్థులకు చెప్పదగిన సంగతి.

బిళ్ల చెప్పేది రెండు చోట్ల సంగతే: ఎక్కడ వదిలారు, ఎక్కడ దొరికింది. నడుమ దారిని తెలుసుకొనేందుకు శాస్త్రజ్ఞులు తాబేలు డిప్పపై ఒక చిన్న ప్రసార యంత్రాన్ని అతికిస్తారు. ఊపిరి కోసం తాబేలు నీటిపైకి వచ్చిన ప్రతిసారీ దాని సంకేతం ఉపగ్రహానికి అందుతుంది. 2001లో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ ఒడిశాలో నాలుగు తాబేళ్లకు ఇటువంటి యంత్రాలను అమర్చగా, వాటిలో ఒకటి శ్రీలంక జలాల వైపు సాగిపోయింది. 2025లో ఒడిశా నుండి బయలుదేరిన మరొక తాబేలు 51 రోజులలో సుమారు వెయ్యి కిలోమీటర్లు తిరిగి ఆంధ్ర తీరానికి చేరినట్లు ఈ విధంగానే తెలిసింది. అనగా ఒడిశాలో కాపాడిన తాబేలు మన తీరంలో చనిపోతే ఆ కాపుదల వ్యర్థమే. ఒక రాష్ట్రం కంచె వేసి మరొక రాష్ట్రం గేటు తెరిచిపెడితే తోట మిగలదు.

తాబేళ్లు ఎందుకు చనిపోతున్నాయి? వాటిపై ఎవరికీ పగ లేదు. తీర గ్రామాల మత్స్యకారులలో పలువురు వాటిని గౌరవభావంతో చూస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని మొదటి షెడ్యూలులో చేర్చి అత్యున్నత రక్షణ కల్పించింది. అయినప్పటికీ ప్రతి సంవత్సరం జనవరి మొదలుకొని మన తీరానికి తాబేళ్ల కళేబరాలు కొట్టుకొని వస్తూనే ఉన్నాయి. ప్రధాన కారణం మరబోట్లు సముద్రపు అడుగున గంటల తరబడి లాగే ట్రాల్ వలలు. తాబేలు చేప కాదు. దానికి గాలి కావాలి. వలలో చిక్కి పెనుగులాడితే ఊపిరి త్వరగా అయిపోతుంది. రొయ్యల కోసం వేసిన వలలో అది ఎవరూ కోరని చావు చస్తుంది.

దీనికి ఉపాయం లేకపోలేదు. టెడ్ అనే పరికరాన్ని వలలో అమర్చితే ఊచల చట్రం గుండా రొయ్యలు, చేపలు లోపలికి వెళ్లిపోతాయి. తాబేలు ఆ ఊచలకు తగిలి, ప్రక్కనున్న సందు గుండా బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగిన నమూనాను రూపొందించింది. ఒక తలుపు పెట్టడం అంతే. కాని ఆ తలుపు గుండా తమ రొయ్యలు కూడా జారిపోతాయన్న భయం బోటు యజమానులది. డీజిలు అప్పులతో సముద్రంలోకి వెళ్లే వానికి ఆ భయం చిన్నది కాదు. దానిని నిందించడం కంటే తీర్చడం మేలు. వలలలో ఈ ఏర్పాటు లేదన్న కారణంగా 2019 నుండి అమెరికా మన దేశపు సముద్రపు రొయ్యలను కొనడం నిలిపివేసింది. చెరువులలో పెంచే రొయ్యలకు ఇది వర్తించదు. తాబేలుకు తలుపు మూసిన వల చివరికి వర్తకానికీ తలుపు మూసింది.

తీరం నుండి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడరాదని 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం క్రింద నియమం ఉన్నది. తాబేళ్లు గుమికూడేది ఆ తీర జలాలలోనే. అది అమలైతే వాటికీ, చిన్న నావలపై బ్రతికే పేద మత్స్యకారులకూ మేలు. మరొక ప్రక్క అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు మత్స్యకార యువకులను కాపలాకు నియమించి, రాత్రులు తీరం వెంట నడిపించి, కుక్కలూ నక్కలూ త్రవ్వకముందే గుడ్లను సేకరించి, కంచె లోపలి ఇసుకలో పూడ్చి, పిల్లలను సముద్రంలోకి వదులుతున్నాయి. తాబేలుకు తీరంలో నిజమైన కావలి ఆ యువకులే.

మన సంగతి ఏమిటి? మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం సముద్ర జీవులలో చేపయే ఆహారయోగ్యం. తాబేలు గాని, దాని గుడ్లు గాని మన వంటింటికి రావు. మేము తినము, చంపము, కనుక మాకేమి సంబంధమని అనుకోవడం సులభం. కాని వలలో తాబేలును చంపుతున్నది కూడా దానిని తినేవాడు కాదు. అపకారం కోరకపోవడం వేరు, అపకారం జరగకుండా చూడడం వేరు. మొదటిది మనస్సుకు సంబంధించినది, రెండవది ఏర్పాటుకు సంబంధించినది. అమానతు అన్న మాటలో ఈ రెండూ ఉన్నాయి.

మా కాగ్నా నీరు భీమలో కలుస్తుంది. భీమ కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నాగాయలంక, హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాబేలు గుడ్లు పెట్టే ఆ తీరపు ఇసుక నదులు మోసుకొచ్చినదే. ఎగువన ఆనకట్టలు పెరిగే కొద్దీ ఆ ఒండ్రు తగ్గి తీరం కోతకు గురవుతున్నది. తాండూరు బజారులో కాలువలో పడవేసిన సంచి ఏ ఆనకట్ట దగ్గర ఆగుతుందో, ఏది దాటుతుందో చెప్పలేము. దాని ప్రయాణం మాత్రం సముద్రం వైపే. ఆ సంచిని కాలువలో వేయకుండా ఉండడం బషీరాబాద్‌లోని ఇంటి ఇల్లాలికీ, ఆమె బిడ్డకూ సాధ్యమైన పనే.

సెలవులలో కుటుంబంతో విశాఖపట్నానికో, బాపట్ల సూర్యలంకకో వెళ్లే పాఠకులకు ఒక మనవి. జనవరి నుండి మే వరకు రాత్రివేళ తీరంలో టార్చీలు, సెల్‌ఫోన్ దీపాలు వేయకండి. తాబేలు పిల్ల వెలుగు ఉన్న వైపును సముద్రమనుకొని నడుస్తుంది. దీపం చూసి రోడ్డు మీదికి వచ్చి తెల్లవారేసరికి చచ్చిపోతుంది. పిల్లలను చేతిలోకి తీసుకొని ఫొటోలు దిగకండి. కళేబరం కనిపిస్తే అటవీ శాఖ వారికి తెలియజేయండి. ఆ సమాచారం కూడా పరిశోధనలో భాగమే.

నలభై ఏళ్ల క్రితం ఈ ప్రాణి ఎక్కడ తిరుగుతుందో తెలియదని చెప్పే వీలుండేది. నేడు దాని దారి తెలుసు, అది తీరానికి వచ్చే నెల తెలుసు, అది చనిపోయే వల తెలుసు, ఆ వలకు పెట్టవలసిన తలుపు తెలుసు. తెలియదన్న సాకు చెప్పుకొనే కాలం గడిచిపోయింది.