వేటపక్షుల వలస, సంతానోత్పత్తి అధ్యయనం: సస్యరక్షణకు ఒక పాఠం

గద్దలు, డేగలు, గుడ్లగూబలు ఎలుకలను, మిడతలను తిని రైతుకు మేలు చేస్తాయని సస్యరక్షణ పాఠాలలో బోధిస్తున్నాము. అయితే ఈ పక్షులలో అనేక జాతులు ఒక దేశంలో గూడు కట్టి, మరొక ఖండంలో శీతాకాలం గడుపుతాయి. కనుక ఒక పొలంలో పిచికారీ చేసిన మందు ప్రభావం వేల కిలోమీటర్ల దూరంలోని గూళ్లలో కనిపించవచ్చు. ఈ సంబంధాన్ని రుజువు చేసిన ఒక ఉదంతాన్ని, దాని నుండి మనం గ్రహించవలసిన విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

అధ్యయన పద్ధతులు

సంతానోత్పత్తిని అంచనా వేయడానికి పరిశోధకులు ఏటా అవే గూళ్లను పరిశీలించి పెట్టిన గుడ్లు, పొదిగిన పిల్లలు, ఎగరగలిగిన పిల్లల సంఖ్యను నమోదు చేస్తారు. పిల్లల కాళ్లకు సంఖ్య గల లోహపు వలయాలు తొడుగుతారు. ఆ పక్షి ఎక్కడ దొరికినా అది పుట్టిన చోటు తెలుస్తుంది. కాని వలయం రెండు బిందువులను మాత్రమే చూపుతుంది, నడుమ మార్గాన్ని చూపదు. ఆ లోటును ఉపగ్రహ ప్రసారిణులు తీర్చాయి. ప్రసారిణి బరువు పక్షి బరువులో 3 నుండి 5 శాతం మించకూడదన్నది సాధారణ నియమం.

స్వెయిన్సన్ గద్ద ఉదంతం

ఈ గద్ద ఉత్తర అమెరికా పశ్చిమ భాగంలోని గడ్డిభూములలో, పొలాల మధ్యనున్న చెట్లపై గూడు కట్టి సాధారణంగా 2 లేక 3 గుడ్లు పెడుతుంది. పిల్లలను ఎక్కువగా ఎలుక జాతి జంతువులతో పోషిస్తుంది. శీతాకాలంలో సుమారు 10,000 కిలోమీటర్లు ప్రయాణించి అర్జెంటీనా మైదానాలకు చేరి, అక్కడ ప్రధానంగా మిడతలపై ఆధారపడుతుంది.

ఈ పక్షులు శీతాకాలంలో ఏ ప్రాంతంలో ఉంటాయో తెలుసుకొనడానికి బ్రయన్ వుడ్‌బ్రిడ్జ్, ఆయన సహచరులు 1994లో ఉత్తర కాలిఫోర్నియాలోని గద్దలకు ప్రసారిణులు అమర్చారు. ఆ సంకేతాలను అనుసరించి అర్జెంటీనాలోని లా పంపా ప్రాంతానికి వెళ్లిన వారికి పొలాలలో వందల సంఖ్యలో చనిపోయిన గద్దలు కనిపించాయి. 1995-96 సీజనులో లభించిన మృత పక్షుల సంఖ్య వేలకు చేరింది. లూసర్న్, ప్రొద్దుతిరుగుడు పొలాలలో మిడతల నివారణకు పిచికారీ చేసిన మోనోక్రోటోఫాస్ ఇందుకు కారణమని తేలింది. ఈ ఆర్గానోఫాస్ఫేట్ మందు ఎసిటైల్‌కొలినెస్టరేజ్ ఎంజైమును నిరోధిస్తుంది. పక్షులు దీనికి అత్యంత సున్నితమైనవి. మిడతల కోసం గుంపులుగా వాలిన గద్దలు మందు సోకిన పురుగులను తిని, కొన్ని నేరుగా మందు తగిలి మరణించాయి.

ఇక్కడ సంతానోత్పత్తి స్వభావం కీలకమవుతుంది. పిచ్చుక వంటి చిన్న పక్షులు త్వరగా ఎదిగి, ఏటా పలుమార్లు పిల్లలను లేపుతాయి. స్వెయిన్సన్ గద్ద ఏడాదికి ఒకసారి మాత్రమే, అదీ ఒకరిద్దరు పిల్లలనే ఎదిగేవరకు పెంచగలుగుతుంది. ఆ పిల్లలు తిరిగి గూడు కట్టడానికి కొన్ని ఏళ్లు పడుతుంది. కాబట్టి పెద్ద పక్షుల మరణం వలన కలిగే నష్టం పూడడానికి చాలా కాలం అవసరం. గూళ్లను మాత్రమే పరిశీలిస్తూ కూర్చుంటే కారణం ఎన్నటికీ తెలిసేది కాదు. ప్రభుత్వం, పరిశ్రమ, రైతులు కలిసి మిడతల నివారణలో ఈ మందు వాడకాన్ని ఆపిన తరువాత మరణాలు గణనీయంగా తగ్గాయి.

మన గగనతలంలో

అముర్ డేగ సైబీరియా ఆగ్నేయ ప్రాంతం, ఉత్తర చైనాలలో కాకి జాతి పక్షుల పాత గూళ్లలో గుడ్లు పెట్టి, శీతాకాలానికి దక్షిణాఫ్రికా ప్రాంతానికి వెళుతుంది. 2012లో నాగాలాండ్‌లోని డోయాంగ్ జలాశయం వద్ద వీటిని భారీ సంఖ్యలో వలలు వేసి పట్టారు. మరుసటి ఏడాదే గ్రామస్థులు ఆ వేటను మానుకున్నారు. 2013 నవంబరులో అక్కడ 3 పక్షులకు 5 గ్రాముల ప్రసారిణులు అమర్చగా, అవి ద్వీపకల్పాన్ని దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికా చేరినట్లు తెలిసింది. ఆ దారిలో మన తెలుగు నేల కూడా ఉంది. మధ్య ఆసియాలో నేలపై గూడు కట్టే హారియర్ గద్దలు శీతాకాలంలో కర్నూలు ప్రాంతంలోని రోళ్లపాడు గడ్డిభూములలో రాత్రివేళ గుంపుగా విశ్రమిస్తాయి. పగలు చుట్టుపక్కల చేలలో మిడతలను వేటాడతాయి.

విస్తరణ శాస్త్రజ్ఞుల కర్తవ్యం

మన దేశంలో కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకాన్ని 2005లోనే నిషేధించారు. పత్తి సాగులో ఈ మందు మన రైతులకు చిరపరిచితం. పక్షి స్థావరాలు నిలపమని చెప్పే నోటితోనే పక్షులను చంపే మందును సిఫారసు చేయడం పరస్పర విరుద్ధం. అందువలన ఈ క్రింది అంశాలను రైతులకు వివరించాలి.

1. ఆర్థిక నష్ట పరిమితి దాటినప్పుడే, పక్షులకు తక్కువ హాని చేసే మందులను ఎంచుకొని పిచికారీ చేయాలి.
2. పక్షులు గుంపుగా మేస్తున్న చేనులో ఆ సమయంలో పిచికారీ చేయరాదు.
3. బ్రోమాడియోలోన్ ఎర తిన్న ఎలుక కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతూ గుడ్లగూబకు సులభంగా చిక్కుతుంది. కనుక చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చాలి.
4. బీడు గడ్డిభూములను పనికిరాని భూమిగా పరిగణించరాదు.

విద్యార్థులు తమ క్షేత్ర పర్యటనలలో పురుగుల లెక్కతో పాటు చేనుపై వాలిన గద్దల లెక్కను, పిచికారీ తేదీని కూడా నమోదు చేయాలి. ఒక చేనులో రాసుకున్న ఆ చిన్న లెక్క, మరొక ఖండంలో ఖాళీగా మిగిలిన గూటికి కారణం చెప్పగలదు.