'క్యాంపు' : ఒక వలసపదము

సేద్యమునకై 1832లో కెనడాకు వలసపోయిన ఆంగ్ల కుటుంబములలో సుసన్నా మూడీ కుటుంబ మొకటి. అడవి నరకి పొలము చేసికొన్న కష్టములను ఆమె 1852లో గ్రంథముగా వెలువరించినది. తెలుగు రైతుల వలసలలో నొకదాని కథ 'క్యాంపు' అను మాటలో నిమిడియున్నదని మా యభిప్రాయము.

1953లో తుంగభద్ర ఆనకట్ట నిర్మాణము ముగిసిన పిదప కృష్ణా, గోదావరి, గుంటూరు మండలముల రైతులు పెక్కురు రాయచూరు సీమకు తరలిరి. 1956 వఱకు ఆ సీమ హైదరాబాదు రాష్ట్రములోనిది. డెల్టాలో భూమి వెల హెచ్చు, ఇచట తక్కువ. అచట కొలది భూమి నమ్మి ఇచట విస్తారముగా కొనిరి. ఆ నేల శూన్యము కాదు. కన్నడ రైతులు జొన్న పండించుచుండిరి. వీరు నల్లరేగడిని చదును చేసి, మళ్లు కట్టి, వరి నాటిరి.

పొలముల నడుమ వేసికొన్న గుడిసెల గుంపే 'క్యాంపు'. గుడిసెలు పోయి మేడలు లేచినవి. గంగావతి, సింధనూరు ప్రాంతముల ఊరిపేళ్లలో ఆ మాట మాత్రము నిలిచినది. తాత్కాలిక నివాసమును తెలుపు పదము స్థిరగ్రామములకు ఉత్తరపదమైనది.

ఇంట తెలుగు, బడిలో కన్నడము. తొలితరమువారు నానాటికి తగ్గుచున్నారు. వారి సేద్యపుమాటలను పరిశోధకులు ఇప్పుడే సేకరింపవలెను. ఆలసించినచో ఊరిపేరు మిగులును. దాని కథ చెప్పువారు మిగులరు.