రెండు జీబీ గీత లోపల: యాక్సెస్ ఫైలు ఎందుకు ఉబ్బుతుంది, ఎందుకు మొరాయిస్తుంది

మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో తయారుచేసిన డేటాబేస్ అంతా ఒక్క ఫైలులో ఇమిడిపోతుంది. టేబుళ్లు, క్వెరీలు, ఫారాలు, రిపోర్టులు, ప్రోగ్రాం కోడ్ అన్నీ అందులోనే. 1992లో తొలి వెర్షన్ వచ్చినప్పటి నుంచి దాని సుగుణం ఇదే, చిక్కులన్నిటికీ మూలమూ ఇదే. సర్వర్ అక్కర్లేదు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషీ అక్కర్లేదు. పెన్‌డ్రైవులో వేసుకుని వెళ్లి ఇంకో కంప్యూటర్లో తెరుచుకోవచ్చు. కానీ ఆ ఫైలు 2 జీబీ దాటడానికి వీల్లేదు. యాక్సెస్ 97లో హద్దు 1 జీబీ. యాక్సెస్ 2000లో అది రెట్టింపైంది. 2007లో ఎండీబీ ఫైళ్ల స్థానంలో ఏసీసీడీబీ ఫైళ్లు వచ్చాయి, హార్డ్‌డిస్కులు టీబీల్లోకి వెళ్లాయి. హద్దు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ స్థలం నిజానికి తక్కువేమీ కాదు. ఒక బిల్లు వివరాలకు 200 బైట్లు పడుతుందనుకుంటే పది లక్షల బిల్లులకు 20 కోట్ల బైట్లు, అంటే దాదాపు 200 ఎంబీ. ఇండెక్సులకు ఇంకొంత కలుపుకున్నా ఒక మోస్తరు దుకాణానికో, బడికో, ఆస్పత్రికో ఏళ్ల తరబడి సరిపోతుంది. అయినా ఎక్కడో ఒకచోట ఫైలు 2 జీబీకి చేరుతూనే ఉంటుంది. చేరిన రోజున ‘స్థలం అయిపోయింది’ అని సూటిగా చెప్పే సందేశం రాదు. చాలాసార్లు ‘ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్’ అనే పొడి మాట కనిపిస్తుంది. దాన్ని చూసి కోడ్‌లో తప్పు వెతుకుతూ రోజంతా గడిపేవారున్నారు. అందుకే ఏ వింత సందేశం వచ్చినా ముందు ఫైలు సైజు చూడడం మేలు.

ఫైలు లోపలి అమరిక తెలిస్తే ఉబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలుస్తుంది. యాక్సెస్ 2000 నుంచి ఫైలు 4 కేబీ పేజీలుగా విడిపోయి ఉంటుంది. 2 జీబీలో అలాంటి పేజీలు 5,24,288 పడతాయి. రికార్డును తొలగించినప్పుడు అది తెర మీద కనిపించకుండా పోతుంది గానీ అది ఆక్రమించిన చోటు ఫైలులోనే మిగిలిపోతుంది. ఖాతా పుస్తకంలో పద్దును అడ్డగీత పెట్టి కొట్టేసినా పుస్తకం మందం తగ్గనట్టే, లక్ష రికార్డులు తీసేసినా ఫైలు సైజు తగ్గదు. ఈ పద్ధతి యాక్సెస్‌తో మొదలైంది కాదు. కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో ఒకప్పుడు డీబేస్, ఫాక్స్‌ప్రో నేర్చుకున్నవారికి ‘ప్యాక్’ ఆదేశం గుర్తుండే ఉంటుంది. తొలగింపు గుర్తు పెట్టిన రికార్డులు అది నడిపేదాకా ఫైలులోనే ఉండేవి. నేటి ఫోన్లలో కనిపించకుండా పనిచేసే ఎస్‌క్యూలైట్‌కూ ‘వ్యాక్యూమ్’ అనే ఆదేశం ఇందుకే ఉంది.

తీసేసిన రికార్డుల కన్నా ఎక్కువ ఉబ్బు తాత్కాలిక టేబుళ్ల వల్ల వస్తుంది. ప్రతి నెలా ఎక్సెల్ నుంచి జాబితా తెచ్చి ఒక టేబుల్లో పోయడం, లెక్క కట్టాక దాన్ని ఖాళీ చేయడం చాలా ఆఫీసుల్లో మామూలు. పోసిన ప్రతిసారీ ఫైలు పెరుగుతుంది, ఖాళీ చేసినప్పుడు తగ్గదు. ఇలాంటి టేబుళ్లను వేరే చిన్న డేటాబేస్ ఫైలులో పెట్టి లింక్ చేసుకుంటే చాలు. పని కాగానే ఆ ఫైలునే పారేసి, కొత్త ఖాళీ కాపీ పెట్టుకోవచ్చు.

బొమ్మల సంగతి మరీ దారుణం. పాత పద్ధతిలో ఫొటోను ‘ఓఎల్ఈ ఆబ్జెక్ట్’ ఫీల్డులో చేరిస్తే అసలు జేపెగ్‌తో పాటు తెర మీద చూపడానికి దాని బిట్‌మ్యాప్ రూపం కూడా లోపలికి చేరేది. 1600 పిక్సెళ్ల వెడల్పు, 1200 పిక్సెళ్ల ఎత్తు ఉన్న రంగుల ఫొటో జేపెగ్‌గా అర ఎంబీ ఉండవచ్చు. బిట్‌మ్యాప్‌గా విప్పితే 57,60,000 బైట్లు. అలాంటివి నాలుగు వందలు చేరితే 2 జీబీ నిండిపోయినట్టే. 2007లో వచ్చిన ‘అటాచ్‌మెంట్’ ఫీల్డు ఈ బిట్‌మ్యాప్ బెడదను తప్పించింది గానీ ఫొటోల బరువు ఫైలు మీదే ఉంచింది. ఫొటోలను మామూలు ఫోల్డర్లో ఉంచి, ఏ ఫోల్డర్లో ఏ పేరుతో ఉందో మాత్రమే టేబుల్లో రాసుకోవడం అన్నిటికన్నా మంచి దారి.

తెలుగులో వివరాలు దాచేవారు గమనించాల్సింది ఇంకొకటుంది. యాక్సెస్ 2000 నుంచి అక్షరాలన్నీ యూనికోడ్‌లో, ఒక్కోటి రెండు బైట్లుగా నిల్వ అవుతాయి. ‘యూనికోడ్ కంప్రెషన్’ అనే సదుపాయం ఇంగ్లిష్ అక్షరాలను ఒక్క బైటుకు కుదిస్తుంది. తెలుగు అక్షరాలకు అది వర్తించదు. పైగా గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడి అక్షరాలుగానే లెక్కకు వస్తాయి. మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘శ్రీ’ యాక్సెస్ లెక్కలో నాలుగు. పేరు కోసం 20 అక్షరాల ఫీల్డు పెడితే ఇంగ్లిష్ పేరు హాయిగా పట్టేచోట తెలుగు పేరు మధ్యలోనే ఆగిపోతుంది. చిన్న టెక్స్ట్ ఫీల్డుకు గరిష్ఠ పరిమితి 255 అక్షరాలు కాబట్టి తెలుగు చిరునామాలకు కాస్త ఉదారంగానే చోటివ్వాలి. దానివల్ల ఫైలు వృథాగా పెరగదు. టెక్స్ట్ ఫీల్డు రాసినంత మేరకే చోటు తీసుకుంటుంది.

ఇండెక్సులు వెతుకులాటను వేగం చేస్తాయి, బదులుగా చోటు తీసుకుంటాయి. యాక్సెస్‌కు ఇక్కడ ఒక చిత్రమైన అలవాటుంది: ఫీల్డు పేరులో మొదటో చివరో ‘ఐడీ’, ‘కీ’, ‘కోడ్’, ‘నమ్’ అని ఇంగ్లిష్‌లో ఉంటే అడగకుండానే దానికి ఇండెక్స్ కట్టేస్తుంది. అప్పటికే ప్రైమరీ కీగానో, వేరే టేబుల్‌తో సంబంధం వల్లనో ఇండెక్స్ ఉన్న ఫీల్డుకు ఇలా రెండోది తయారవుతుంది. ఒక టేబుల్‌కు 32 ఇండెక్సులే అనుమతి. వాటిలో కొన్ని ఇలా ఎవరూ కోరకుండా పుట్టినవి ఉంటాయి. డిజైన్ వ్యూలో ఇండెక్సుల జాబితా తెరిచి చూస్తే బయటపడతాయి.

పేరుకున్న ఖాళీని తీసేసే సాధనం ‘కాంపాక్ట్ అండ్ రిపేర్’. యాక్సెస్ 97లో కాంపాక్ట్, రిపేర్ వేర్వేరుగా ఉండేవి, 2000లో కలిపేశారు. అది ఉన్న ఫైలును సరిచేస్తుందని చాలామంది అనుకుంటారు. చేసేది వేరే: పక్కనే ఒక కొత్త ఫైలు సృష్టించి, పనికొచ్చే సమాచారాన్ని మాత్రమే అందులోకి ఎక్కించి, పాతదాని స్థానంలో దాన్ని నిలబెడుతుంది. రికార్డులను ప్రైమరీ కీ వరుసలో పేర్చుతుంది, క్వెరీలు వాడుకునే గణాంకాలను తాజా చేస్తుంది. అందువల్ల సైజు తగ్గడమే కాదు, వేగం కూడా కొంత పెరుగుతుంది. రెండు ఫైళ్లకూ సరిపడా చోటు డిస్కులో ఉండాలి, ఆ సమయంలో ఇంకెవరూ ఫైలు తెరిచి ఉండకూడదు. పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టే పని కాబట్టి, మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కాంపాక్ట్ నొక్కే ముందు ఫైలును వేరేచోటికి కాపీ చేసుకోవడం ఇష్టాయిష్టాల మీద వదిలేయాల్సిన పని కాదు. మూసిన ప్రతిసారీ దానంతటదే కాంపాక్ట్ అయ్యే సదుపాయం కూడా ఉంది. సౌకర్యంగా కనిపించినా, అసలు సమాచారం ఉన్న ఫైలు మీద దాన్ని పెట్టడం మంచిది కాదు. చేసేవారి కళ్ల ముందు, కాపీ తీశాక జరగాల్సిన పని అది.

కాంపాక్ట్ చేసిన వారం తిరక్కుండానే ఫైలు మళ్లీ ఉబ్బితే లోపం అమరికలో ఉందన్నమాట. అలాంటప్పుడు డేటాబేస్‌ను రెండుగా విడదీయాలి. టేబుళ్లన్నీ వెనక ఫైలులో, అంటే బ్యాక్ ఎండ్‌లో ఉంటాయి. అది ఆఫీసు నెట్‌వర్క్‌లోని ఉమ్మడి ఫోల్డర్లో ఉంటుంది. క్వెరీలు, ఫారాలు, రిపోర్టులు ముందు ఫైలులో, అంటే ఫ్రంట్ ఎండ్‌లో ఉంటాయి; ప్రతి ఉద్యోగి కంప్యూటర్లో దాని సొంత కాపీ ఒకటి ఉంటుంది. ‘డేటాబేస్ టూల్స్’లోని స్ప్లిటర్ ఈ పని కొద్ది నిమిషాల్లో చేసిపెడుతుంది. విడదీశాక కూడా ఒకే ఫ్రంట్ ఎండ్‌ను అందరూ నెట్‌వర్క్‌లో తెరిస్తే మొదటికే మోసం; లాభమంతా విడి కాపీల్లోనే ఉంది. ఒకరి ఫ్రంట్ ఎండ్ పాడైతే ఇంకో కాపీ పెట్టేస్తే సరి, సమాచారానికి ఏమీ కాదు. బ్యాకప్ కూడా వెనక ఫైలుకు తీసుకుంటే చాలు, అదీ అందరూ బయటికి వచ్చాకే. వాడుకలో ఉండగా తీసిన కాపీలో సగం రాసిన పేజీలు చేరవచ్చు. బ్యాక్ ఎండ్‌లు ఒకటికి మించి కూడా పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి 2 జీబీ. అయితే వేర్వేరు ఫైళ్లలోని టేబుళ్ల మధ్య సంబంధాన్ని యాక్సెస్ కట్టుదిట్టంగా కాపాడలేదు. ఖాతాదారును తొలగిస్తే ఇంకో ఫైలులోని అతని బిల్లులు అనాథలవుతాయి. పాత ఏళ్ల లెక్కలను వేరు చేయడానికి ఈ పద్ధతి పనికొస్తుంది, రోజువారీ టేబుళ్లను చీల్చడానికి కాదు.

ఫైలు పాడవడం సైజు కన్నా పెద్ద బెడద. యాక్సెస్‌లో రాత పని అంతా వాడేవారి కంప్యూటర్లే నేరుగా ఫైలు మీద చేస్తాయి. మధ్యలో సంభాళించే సర్వర్ ప్రోగ్రాం ఏదీ ఉండదు. రాస్తుండగా నెట్‌వర్క్ తెగినా, కరెంటు పోయినా, విసుగెత్తి ఎవరైనా పవర్ బటన్ నొక్కినా ఒక పేజీ సగం రాతతో ఆగిపోవచ్చు. ఈ కారణంగానే వైఫై మీద యాక్సెస్ పంచుకోవడం ప్రమాదం. కేబుల్ ఉండాలి, కంప్యూటర్లకు యూపీఎస్ ఉండాలి. వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి ఫోల్డర్లలో బ్యాక్ ఎండ్ పెట్టడం ఇంకా చెడ్డ పని, అవి పేజీలను కాక ఫైలునంతా ఒక ముద్దగా చూస్తాయి. ఇద్దరు ఒకేసారి మార్చితే ఒకరి పని గల్లంతవుతుంది. అప్పుడప్పుడు తప్పు వాడేవారిది కాకపోవచ్చు. 2018లో విండోస్ 10కు వచ్చిన 1803 అప్‌డేట్ తర్వాత, ఉమ్మడి ఫోల్డర్లలోని డేటాబేసులు ‘ఇన్‌కన్సిస్టెంట్ స్టేట్’లో ఉన్నాయన్న సందేశం చాలాచోట్ల వచ్చింది. సర్వర్‌లో ‘లీజింగ్’ అనే ఫైల్ షేరింగ్ ఏర్పాటును ఆపితే సర్దుకుంటుందని మైక్రోసాఫ్ట్ స్వయంగా సూచించింది.

ఎవరెవరు ఫైలులో ఉన్నారో తెలుసుకోవడానికి యాక్సెస్ పక్కనే ఒక చిన్న లాక్ ఫైలు పెట్టుకుంటుంది. పాత రూపంలో ఎల్‌డీబీ, కొత్త రూపంలో ఎల్ఏసీసీడీబీ. ఫైలు తెరిచిన ప్రతి కంప్యూటర్ పేరూ అందులో చేరుతుంది, ఒక్కో నమోదుకు 64 బైట్లు. ఆఖరి మనిషి బయటికి రాగానే అది తొలగిపోవాలి. అందరూ మూసినా అది అలాగే ఉంటే ఎవరి కంప్యూటర్లోనో యాక్సెస్ అర్ధంతరంగా ఆగి ఉంటుంది, లేదా ఆ ఫోల్డర్లో ఫైలు తొలగించే అనుమతి లేకపోయి ఉంటుంది. ఉమ్మడి ఫోల్డర్లో చదివే అనుమతి ఒక్కటే ఇచ్చి, ‘ఒకరు తెరిస్తే రెండోవారికి రావడం లేదు’ అని తల పట్టుకునే ఆఫీసులకు జవాబు ఈ ఫైలు దగ్గరే దొరుకుతుంది.

పాడైన ఫైలు కొన్ని గుర్తులిస్తుంది. ఫీల్డుల్లో ‘డిలీటెడ్’ అన్న మాటో, చైనా లిపిలాంటి అర్థంలేని అక్షరాలో కనిపిస్తాయి. ఒక ఫలానా రికార్డు దగ్గరికి వెళ్లగానే యాక్సెస్ మూసుకుపోతుంది. లేదా ‘అన్‌రికగ్నైజ్డ్ డేటాబేస్ ఫార్మాట్’ అంటూ తెరుచుకోనే తెరుచుకోదు. అప్పుడు అందరినీ బయటికి పంపి, పాడైన ఫైలుకే ఒక కాపీ తీసి దాచాలి. పాడైనదానికి కాపీ ఎందుకని అనిపించవచ్చు. రిపేర్ కొన్నిసార్లు చదవలేని రికార్డులను వదిలేసి ముందుకు పోతుంది, అవి తిరిగి దొరికే ఆశ ఆ కాపీలోనే మిగులుతుంది. తర్వాత కాంపాక్ట్ అండ్ రిపేర్ నడపాలి. అది ఎదుర్కొన్న లోపాలను ‘ఎంసిస్ కాంపాక్ట్ ఎర్రర్’ అనే టేబుల్లో నమోదు చేస్తుంది. దాన్ని చదివి, టేబుళ్ల ప్రైమరీ కీలు, సంబంధాలు నిలిచి ఉన్నాయో లేదో చూడాలి. రిపేర్ విఫలమైతే కొత్త ఖాళీ డేటాబేస్ తెరిచి, పాతదానిలోని టేబుళ్లను, ఫారాలను ఒక్కొక్కటిగా దిగుమతి చేసుకోవాలి. ఏ ఒక్కటి మొండికేస్తే లోపం అందులోనే ఉంది. అది టేబుల్ అయితే చెడిన రికార్డుకు ముందున్నవి ఒక క్వెరీతో, తర్వాతవి ఇంకో క్వెరీతో తెచ్చుకుని మధ్యలోనిదాన్ని బ్యాకప్ నుంచి నింపుకోవచ్చు.

పాడైనట్టు కనిపించినా పాడుకాని సందర్భాలూ తక్కువేమీ కావు. యాక్సెస్ 97 నాటి ఎండీబీ ఫైలును 2013, ఆ తర్వాతి వెర్షన్లు తెరవవు. 2010లోనో అంతకుముందుదానిలోనో తెరిచి కొత్త రూపంలోకి మార్చాలి. ఫారం మీద బటన్లు పనిచేయకపోతే ఆ ఫోల్డర్‌ను నమ్మదగిన చోటుగా గుర్తించకపోవడం వల్ల కోడ్ నిలిచిపోయి ఉండవచ్చు. ఒక కంప్యూటర్లో ఆడే ప్రోగ్రాం ఇంకోదానిలో ఆగిపోతే ఆఫీస్ ఒకచోట 32 బిట్, ఇంకోచోట 64 బిట్ అయి ఉండవచ్చు. పెద్ద అప్‌డేట్ క్వెరీ మధ్యలో లాక్‌ల సంఖ్య మించిందన్న సందేశం వస్తే అది కూడా ఫైలు లోపం కాదు. ఒకేసారి పెట్టగల లాక్‌లకు మొదట ఉండే హద్దు 9,500. ఆ సంఖ్య పెంచుకోవచ్చు, లేదా పనిని ముక్కలుగా చేయవచ్చు.

నత్తనడకకు కారణాలు చాలాసార్లు చిన్నవే. విడదీసిన డేటాబేస్‌లో ప్రతి ఫారం తెరిచినప్పుడూ లాక్ ఫైలు పుట్టి, మూసినప్పుడు పోతూ ఉంటే వేగం పడిపోతుంది. బ్యాక్ ఎండ్‌లోని ఒక చిన్న టేబుల్‌ను లోలోపల ఎప్పుడూ తెరిచి ఉంచితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. టేబుళ్లలో ‘సబ్ డేటాషీట్’ను ‘నన్’ అని మార్చడం, పేర్లను గుర్తుపెట్టుకునే ‘నేమ్ ఆటోకరెక్ట్’ను ఆపడం కూడా ఉపకరిస్తాయి.

ఇవన్నీ చేశాక కూడా, ఖాళీ లేకుండా కుదించిన ఫైలు ఒకటిన్నర జీబీ దగ్గర ఉంటే అది నిజంగా సమాచారమే. యాక్సెస్ ఒకేసారి 255 మందికి అనుమతిస్తుందని కాగితం మీద ఉన్నా, అందరూ రాసేవారైతే అందులో చిన్న వంతుకే ఇబ్బందులు మొదలవుతాయి. అప్పుడు టేబుళ్లను ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు తరలించాలి. దాని ఉచిత రూపం ఎక్స్‌ప్రెస్, చాలా వెర్షన్లలో ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ వరకు ఇస్తుంది. ఫారాలు, రిపోర్టులు యాక్సెస్‌లోనే ఉంచి, లింకులు మాత్రం కొత్తచోటికి మార్చుకోవచ్చు. ముందే రెండుగా విడదీసి ఉన్న డేటాబేస్‌కు ఈ తరలింపు చాలా తేలిక.