ఉమ్మడి సర్వర్ గుమ్మంలో కాపలా

ప్రియమైన తమ్ముళ్ళకు,

మన మైలవరం హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు అడిగినప్పుడు, నాకు తెలిసిన పని గురించే రాద్దామనుకున్నాను. ఈ హాస్టల్లోనే చదువుకున్న నేను ఇప్పుడు విజయవాడలో వెబ్‌సైట్లు నడిపే ఒక చిన్న సంస్థలో సర్వర్లు చూసుకుంటున్నాను. రోజూ పొద్దున్నే నేను చేసే మొదటి పని, రాత్రి మా సర్వర్‌కు వచ్చిన చెత్త ఈ-మెయిళ్ళ లెక్క చూడటం. ఈ చెత్తనే స్పామ్ అంటారు.

ఒక్కో వెబ్‌సైట్‌కు ఒక్కో కంప్యూటర్ పెడితే ఖర్చు భరించలేం. అందుకని ఒకే సర్వర్ మీద వందలాది చిన్న వెబ్‌సైట్లను ఉంచి అద్దె పంచుకుంటారు. దీన్నే షేర్డ్ హోస్టింగ్ అంటారు. ఇది అచ్చం మన హాస్టల్ లాంటిదే. ఎవరి ట్రంకుపెట్టె వారిదే గానీ గేటు ఒకటే, నీళ్ళ ట్యాంకు ఒకటే, చిరునామా ఒకటే. ఒకరు ట్యాంకు ఖాళీ చేస్తే మిగతావారికి నీళ్ళుండవు. అలాగే ఒక వెబ్‌సైట్ మీద స్పామ్ విరుచుకుపడితే పక్కవారి ఉత్తరాలు కూడా ఆలస్యమవుతాయి.

స్పామ్ ఈనాటిది కాదు. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీ తరఫున గ్యారీ థ్యూర్క్ అనే ఆయన సుమారు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపాడు. మొదటి స్పామ్‌గా దాన్నే చెబుతారు. నిజానికి స్పామ్ అనేది డబ్బాల్లో అమ్మే మాంసం పేరు. 1970లో బీబీసీలో వచ్చిన మాంటీ పైథాన్ హాస్య నాటికలో, మిగతా మాటలు వినబడకుండా ఆ పేరునే పదే పదే అంటారు. అక్కరలేని ఉత్తరాల గోల కూడా అలాంటిదే కనుక ఆ పేరు స్థిరపడింది.

ఈ-మెయిల్ ప్రయాణానికి నేటికీ ఆధారంగా ఉన్న ఎస్‌ఎంటీపీ నియమాలను జాన్ పోస్టెల్ 1982లో రాశారు. అప్పట్లో నెట్‌వర్క్ చిన్నది. పంపినవాడు చెప్పిన పేరును నమ్మడమే పద్ధతి. పోస్టుకార్డు చివర 'ఇట్లు' అని ఎవరి పేరైనా రాయవచ్చు కదా! ఈ-మెయిల్‌లోనూ అంతే. పంపినవారిని సరిచూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ వంటి పద్ధతులు చాలా ఏళ్ళ తరువాత గాని రాలేదు. రోజుకు 5000కు పైగా ఉత్తరాలు పంపేవారికి జీమెయిల్ వాటిని తప్పనిసరి చేసింది 2024 ఫిబ్రవరి నుంచే.

మరి స్పామ్‌ను ఎలా ఆపుతారు? మా సర్వర్‌లో మూడు కాపలాలు ఉన్నాయి.

మొదటిది గేటు దగ్గర. వచ్చిన ఉత్తరం ఏ ఐపీ అడ్రస్ నుంచి వచ్చిందో చూసి, అది స్పామ్‌హాస్ వంటి సంస్థల నల్లజాబితాలో ఉంటే అక్కడికక్కడే తిప్పి పంపుతాం. స్పామ్‌హాస్ 1998 నుంచి ఈ పని చేస్తోంది.

రెండవది పేర్ల పట్టీ. స్పామ్ పంపేవాళ్ళు రవి, రాజు, అడ్మిన్, ఆఫీస్ అంటూ తోచిన పేర్లన్నీ వరుసగా ప్రయత్నిస్తారు. ఆ పేరుతో ఎవరూ లేకపోతే సర్వర్ 550 అనే అంకె చెప్పి నిరాకరిస్తుంది. కొందరు మాత్రం లేని పేర్లకు వచ్చినవి కూడా ఒకే పెట్టెలో పడేలా పెట్టుకుంటారు. అలా చేస్తే ఊళ్ళో చెత్తంతా ఇంట్లో పోయించుకున్నట్లే. ఇక తిప్పి పంపేదేదో గేటు దగ్గరే పంపాలి. లోపలికి తీసుకున్నాక పంపితే, ఆ జవాబు దొంగగా వాడుకోబడిన పేరుగల అమాయకుడికి చేరుతుంది.

మూడవది ఉత్తరానికి మార్కులు వేయడం. 2001లో జస్టిన్ మేసన్ మొదలుపెట్టిన స్పామ్‌అసాసిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. ఒక్కో అనుమానానికి కొన్ని మార్కులు కలుపుతుంది. మామూలుగా 5 మార్కులు దాటితే స్పామ్ అని ముద్ర వేస్తుంది. అంతేగానీ తనంతట తాను ఏ ఉత్తరాన్నీ చెరపదు. ఆ తరువాత ఏం చేయాలన్నది మనుషుల నిర్ణయం.

చాలామంది మరచిపోయే సంగతి మరొకటుంది. తమకు వచ్చే ఉత్తరాలన్నీ తమ జీమెయిల్‌కు చేరేలా కొందరు ఏర్పాటు చేసుకుంటారు. వాటితోపాటు స్పామ్ కూడా మా సర్వర్ పేరుమీదే బయటికి పోతుంది. మన వైపు మామిడి తోటలో ఒకడు కాయలు కోస్తే తోటమాలి హాస్టల్ మొత్తాన్నీ తిడతాడు. ఇక్కడా అంతే. ఒకరి వల్ల సర్వర్ ఐపీ నల్లజాబితాకెక్కితే, ఏ పాపం ఎరుగని మిగతావారి ఉత్తరాలు కూడా ఆగిపోతాయి.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఒకసారి స్పామ్ మరీ ఎక్కువైందని 5 మార్కుల హద్దును 3కు తగ్గించాను. అది దాటినవన్నీ వాటంతటవే తొలగిపోయేలా పెట్టాను. మరునాడు లెక్క చూస్తే స్పామ్ బాగా తగ్గింది. ఎంతో సంతోషించాను. వారం తరువాత మా సర్వర్ మీదే వెబ్‌సైట్ ఉన్న ఒక శిక్షణ కేంద్రం గుమాస్తా ఫోన్ చేశారు. ఇంటర్వ్యూకు రమ్మని ఒక కంపెనీ పంపిన జాబితా వారికి చేరలేదు. లాగ్ తీసి చూశాను. సబ్జెక్టు అంతా పెద్ద అక్షరాల్లో ఉండటం, మరికొన్ని చిన్న లోపాల వల్ల దానికి 3.4 మార్కులు పడ్డాయి. నేను పెట్టిన ఏర్పాటే దాన్ని చెరిపేసింది. నలుగురు పిల్లలకు ఇంటర్వ్యూ పోయింది. వారిలో ఒకడు మనలాగే సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివిన కుర్రాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అప్పటి నుంచి హద్దును మళ్ళీ 5కే ఉంచాను. దేన్నీ చెరపను. ముద్ర పడినవి 30 రోజులు విడిగా ఉంటాయి. రోజూ నాలుగు అంకెలు నోటుపుస్తకంలో రాసుకుంటాను. గేటు దగ్గర ఆగినవి ఎన్ని, లేని పేర్లకు వచ్చినవి ఎన్ని, స్పామ్ ముద్ర పడినవి ఎన్ని, పొరపాటున ఆగిన మంచి ఉత్తరాలు ఎన్ని? మొదటి మూడూ లాగ్‌లోనే దొరుకుతాయి. నాలుగోది ఏ యంత్రమూ చెప్పదు. ముద్ర పడినవాటిలో కొన్నింటిని, పంపినవారి పేరు, సబ్జెక్టు వరకే చూసి మనిషే కనిపెట్టాలి. లోపలి విషయం చదవను. అది ఒకరి సొంత ఉత్తరం.

తమ్ముళ్ళూ! స్కాలర్‌షిప్ గురించో, పరీక్ష గురించో, ఉద్యోగం గురించో ఎదురుచూసే రోజుల్లో మీ మెయిల్‌లోని స్పామ్ ఫోల్డర్‌ను కూడా ఒకసారి తెరిచి చూడండి. మంచి ఉత్తరం అందులో కనబడితే 'స్పామ్ కాదు' అని నొక్కండి. దాన్ని చూసి యంత్రం నేర్చుకుంటుంది. లాటరీ తగిలిందనో, ముందు కొంత డబ్బు కడితే ఉద్యోగమిస్తామనో వస్తే మాత్రం జవాబివ్వకండి.

దొంగను ఆపినవాడే మంచి కాపలాదారు అనుకునేవాణ్ణి. రావలసినవాణ్ణి లోపలికి రానిచ్చినవాడే మంచి కాపలాదారని ఆ నలుగురు పిల్లల వల్ల తెలుసుకున్నాను.

ఇట్లు,
మీ అన్నయ్య,
ఒక పూర్వ విద్యార్థి